సలైనా నుంచి వచ్చే గొంతు

“ఏ సంవత్సరం?” అన్నాడు ఎమిల్ కూచెరా, ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని. రెండు చేతులూ ఖాళీగా లేవు. పాత కార్బ్యురేటరును ఎడమచేత్తో బల్లకు అదిమిపట్టి, కుడిచేత్తో దాని మూత మర విప్పుతున్నాడు. “అరవై అయిదు షెవీ ట్రక్కు, అర టన్నుదా. అందులో నాలుగు రకాల ఇంజన్లు వచ్చాయి. ఆరు సిలిండర్లవి రెండు, ఎనిమిదివి రెండు. నీది ఏదో తెలీకుండా నేను నీళ్ళపంపు పంపిస్తే అది నీ ఇంటికీ నా కొట్టుకీ మధ్య తిరుగుతూ ఉంటుంది. వెళ్ళి బానెట్ ఎత్తి చూసిరా. నేనెక్కడికీ పోను, ఇక్కడే ఉంటాను.”

అది మాటవరసకు అన్నది కాదు. ముప్పై నాలుగేళ్ళుగా ఎమిల్ అక్కడే ఉన్నాడు. నెబ్రాస్కాలో విల్బర్ ఊరు దాటగానే, మొక్కజొన్న చేలు మొదలయ్యేచోట, ఎనిమిది ఎకరాల్లో పాత కార్లూ ట్రక్కులూ వరసలు వరసలుగా పడి ఉండే, వాటి విడిభాగాలు ఊడదీసి అమ్మే యార్డు. ముందు రేకుల గది. అందులో పొడవాటి చెక్కబల్ల. బల్ల వెనక ఎమిల్. మొదటి యజమాని పెట్‌స్కా పోయాడు, ఇప్పుడు కొడుకు డ్వేన్ చూసుకుంటున్నాడు. గోడకు వేసిన ఆకుపచ్చ రంగు రెండుసార్లు మారింది. ఎమిల్ మారలేదు.

అరవై ఒకటో ఏడు. పొడుగైన మనిషే గాని బల్లమీదికి వంగి వంగి మెడ ముందుకు వచ్చేసింది. గోళ్ళ చుట్టూ నల్లటి గీత ఏ సబ్బుకూ లొంగేది కాదు. ఆదివారం చర్చిలో పాటల పుస్తకం పట్టుకున్నప్పుడు ఆ వేళ్ళను పుస్తకం కిందికి ముడుచుకునేవాడు. ఫోను ఆనీ ఆనీ ఎడమచెవి కుడిచెవికన్నా కాస్త ఎర్రగా ఉండేది. పెళ్ళి కాలేదు. తల్లి బతికి ఉన్నంతకాలం తల్లితో ఉన్నాడు, ఆమె పోయాక ఆమె కుర్చీతో, ఆమె గోడగడియారంతో ఉంటున్నాడు.

ఇంజన్ల గురించి కాకపోతే ఎమిల్ నోట మాట పెగిలేది కాదు. ఇంజన్ల గురించైతే ఆపడం కష్టం. ఏ ఏడు ఏ ట్రక్కులో ఏయే ఇంజన్లు పెట్టి అమ్మారో, ఏది గ్యాలనుకు ఎన్ని మైళ్ళు ఇస్తుందో, ఏది కొండెక్కుతుందో, ఏది చలికాలం పొద్దున్నే మొండికేస్తుందో, అన్నీ నాలుక చివర ఉండేవి. బల్లమీద లావుపాటి పుస్తకం ఉంది గాని అది వచ్చినవాళ్ళను నమ్మించడానికి. అతను చెప్పాక వాళ్ళు పుస్తకం తిప్పి చూసుకునేవాళ్ళు.

ఆ గురువారం పొద్దున మొదట వచ్చింది స్టాన్ వావ్రా. రేడియేటరు గొట్టం కోసం వచ్చి, అరగంట పొయ్యి దగ్గర నిలబడి తన ట్రక్కు గొప్పలు చెప్పాడు.

“గ్యాలనుకు పద్ధెనిమిదిస్తోందోయ్, ఒట్టు. ఎనిమిది సిలిండర్ల బండి, పద్ధెనిమిది.”

“కొండమీదినుంచి కిందికి తోస్తేనా?” అన్నాడు ఎమిల్ తల ఎత్తకుండా.

“నీకసూయ.”

“నీ బండి పన్నెండిస్తుంది స్టాన్. గాలి వెనకనుంచి వీస్తే పదమూడు. నీ భార్య ఆ మధ్య వచ్చినప్పుడు పదకొండంది.”

స్టాన్ నవ్వుతూ గొట్టం చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. కాకి పిల్ల కాకికి ముద్దన్నట్టు మైలేజీ విషయంలో నిజం చెప్పే మనిషిని ఎమిల్ ఇంతవరకూ చూడలేదు. పాస్టరు కూడా రెండు మైళ్ళు కలిపే చెప్పేవాడు.

గదిలో ఎమిల్‌కు తోడు ఒక పెట్టె. బల్ల వెనక అలమారు మీద, రొట్టెల డబ్బా అంత ఉంటుంది. దాని ముందువైపు గుడ్డ, పక్కన వేలాడే రిసీవరు. నెబ్రాస్కా, కాన్సస్, అయోవా రాష్ట్రాల్లోని ఇరవై పాత బండ్ల యార్డులను కలుపుతూ వేసిన ఉమ్మడి ఫోను తీగ అది. ఒక యార్డువాడు తనకు కావలసింది అడిగితే ఇరవై గదుల్లోనూ వినిపిస్తుంది. ఉన్నవాడు పలుకుతాడు. మనుషుల పేర్లతో పని లేదు, ఊరి పేరే మనిషి పేరు. “హేస్టింగ్స్ అడుగుతోంది, డెబ్బై డాడ్జికి ఎడమ తలుపు.” “టోపీకాలో ఉంది. నీలం రంగు. అద్దం లేదు.” పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఆ పెట్టె మాట్లాడుతూనే ఉండేది. ఎమిల్ ఆ మనుషుల్లో ఒక్కణ్ణీ చూడలేదు. వాళ్ళలో ఎవరికి దగ్గుందో, ఎవరు భోంచేస్తూ మాట్లాడతారో, ఎవరికి కొత్తగా కూతురు పుట్టిందో మాత్రం తెలుసు.

వాళ్ళందరిలోకీ సలైనా వేరు. కాన్సస్‌లో సలైనా ఊరి యార్డు. ఆ గొంతు హెర్షెల్ మార్టిండేల్‌ది. పిండిమర తిరుగుతున్నట్టు గరగరలాడే పెద్ద గొంతు. పంతొమ్మిది వందల అరవై రెండులో ఒకసారి ఎమిల్, స్కౌటు జీపులో ఉండేది మామూలు నాలుగు సిలిండర్ల ఇంజను అన్నాడు లైనులో. వెంటనే సలైనా పలికింది: “మామూలు నాలుగు కాదయ్యా బాబూ. ఎనిమిది సిలిండర్ల దాన్ని నిలువునా కోసి సగం పెట్టారు. తెలుసుకుని మాట్లాడు.” ఇరవై గదుల్లో నవ్వులు. ఎమిల్ ఆ రాత్రి పుస్తకాలు తిరగేశాడు. హెర్షెల్ చెప్పింది నిజమే. మర్నాడు లైనులో ఒప్పుకున్నాడు. అప్పటినుంచి ఇద్దరికీ జత కుదిరింది.

ఒక తగాదా మాత్రం తెగలేదు. హెర్షెల్ దగ్గర ఒక స్కౌటు ఉంది. గ్యాలనుకు ఇరవై ఇస్తుందనేవాడు. ఏ స్కౌటూ పదహారు దాటదనేవాడు ఎమిల్. “అయితే రావయ్యా. ఈ ఆకురాలు కాలంలో రా. ట్యాంకు నింపి ఇద్దరం రోజంతా తిరుగుదాం. సాయంత్రానికి ఎవడు అబద్ధాలకోరో తేలిపోతుంది.” ఏటా అక్టోబరులో ఈ మాట వచ్చేది. ఏటా ఎమిల్, “వచ్చే ఏడు చూద్దాంలే” అనేవాడు. నూట నలభై మైళ్ళు. వెళ్తే ఎదురెదురుగా కూర్చుని మాట్లాడాలి గదా అని భయం కావచ్చు.

తొమ్మిదిన్నరకు ఆర్డిస్ లిండ్‌క్విస్ట్ వచ్చింది. బయట ఆమె ట్రక్కు ఆగిన చప్పుడు వినగానే అది ఎవరిదో ఎమిల్‌కు తెలిసింది. డెబ్బై రెండు ఫోర్డు, ముప్పావు టన్ను, మూడొందల తొంభై ఘనపుటంగుళాల పెద్ద ఇంజను. ఆమె భర్త కార్ల్ పశువుల బండిని లాగడానికి ఏరికోరి కొన్నది. కార్ల్ పోయి రెండేళ్ళయింది. పశువులు ఈ వసంతంలో వేలంలో పోయాయి.

“ఎమిల్, నాకో సంగతి చెప్పు,” అంది చేతి తొడుగులు విప్పుతూ. “లింకన్‌లో ఆసుపత్రి వంటగదిలో పని దొరికింది. రోజూ పోనూరానూ ఎనభై మైళ్ళు. ఇదేమో పెట్రోలు తాగడానికే పుట్టినట్టుంది.”

“తొమ్మిదిస్తుంది.”

“కార్ల్ పదమూడనేవాడు.”

పోయినవాళ్ళ మైలేజీని ఎమిల్ ఎప్పుడూ తగ్గించడు.

“ఈ ట్రక్కుకే ఆ ఏడు ఆరు సిలిండర్ల ఇంజనూ వచ్చింది,” అన్నాడు. “మూడొందల అంగుళాలది. అది పెడితే పద్నాలుగు, పదిహేను ఇస్తుంది. పరుగు తగ్గుతుంది. బరువు లాగేటప్పుడు మూలుగుతుంది.”

“పశువులు లేవు ఎమిల్. అది లాగాల్సింది ఇప్పుడు నన్నొక్కదాన్నే.”

ఆమె నవ్వుతూనే అంది. ఎమిల్ కార్బ్యురేటరు వైపు చూశాడు. యాభై ఒకటిలో ఓ శనివారం, డాన్సు అయిపోయాక, హాలు మెట్ల దగ్గర ఈ ఆర్డిస్‌ను ఒక మాట అడుగుదామని గంటసేపు నిలబడ్డాడు. ఆమె వచ్చింది. “మీ నాన్న కొత్త ట్రక్కులో ఏ ఇంజను తీసుకున్నాడు?” అని అడిగాడు. “ఆరు సిలిండర్లది,” అంది ఆమె. ఇంకేమైనా అంటాడేమోనని కాసేపు ఆగింది కూడా. మరుసటి వేసవిలో కార్ల్‌ను చేసుకుంది.

“మా దగ్గర ఉన్న ఆఖరిది ఆగస్టులో పోయింది. లైనులో అడుగుతానుండు,” అన్నాడు.

రిసీవరు అందుకుని మీట నొక్కాడు. “విల్బర్ అడుగుతోంది. ఫోర్డు ట్రక్కుకు మూడొందల ఆరు సిలిండర్లది, దాంతోపాటు గేరుపెట్టెకు కలిపే గిన్నె, కింద ఆనించే కాళ్ళు. సలైనా, హెర్షెల్, నీ దగ్గర ఉండాలే.”

పెట్టె సన్నగా గీపెట్టింది. బీట్రిస్ యార్డు లేదంది. హేస్టింగ్స్ లేదంది. సలైనా పలకలేదు. సోమవారం నుంచీ సలైనా పలకలేదని ఎమిల్‌కు అప్పుడు తట్టింది. ముసలాడికి జలుబు చేసి ఉంటుందనుకున్నాడు, అంతే.

ఆ తర్వాత ఒక ఆడగొంతు, పెట్టెకు మరీ దగ్గరగా నోరు పెట్టి మాట్లాడుతున్నట్టు వినిపించింది. “సలైనా. ఇది సలైనా. ఇది నొక్కితే మీకందరికీ వినపడుతుందా? నేను నేడీన్‌ను, హెర్షెల్ గారి అమ్మాయిని. నాన్న ఆదివారం పోయారు. నిన్న ఖననం చేశాం. మీకందరికీ చెప్పాలని ముందే అనుకున్నాను గాని ఇది ఎలా వాడాలో తెలీలేదు.”

లైను ఊరికే గుయ్యిమంది. టోపీకా, “చాలా బాధగా ఉందమ్మా,” అంది. బీట్రిస్ అదే మాట అంది. ఇంకెవరో గొంతు సవరించుకున్నారు. ఒక నిమిషం గడిచిందో లేదో, విషయం విననివాడెవడో అయోవా నుంచి, “డెబ్బై ఎనిమిది ప్లిమత్‌కు కుడి దీపం,” అన్నాడు.

ఎమిల్ చేతిలో రిసీవరు అలాగే ఉంది. ఆర్డిస్ అతన్ని చూస్తోంది.

“నెబ్రాస్కా ఎమిల్ గారు మీరేనా?” అంది పెట్టె. “మీరడిగిన ఇంజను ఇక్కడ ఉండొచ్చు. ఆరు సిలిండర్లవి మూడున్నాయి. రెండొందల నలభైది ఏదో మూడొందలది ఏదో నాకు తెలీదు. మూడూ ఒక్కలాగే ఉన్నాయి.”

“ఒక్కలాగే ఉంటాయమ్మా,” అన్నాడు ఎమిల్. “పైకి తేడా తెలీదు. నేనొచ్చి చూస్తాను.”

లోపలి గదిలోంచి డ్వేన్ తల బయట పెట్టాడు. “ఎవరు వెళ్తారు? నువ్వా? లారీ వాణ్ణి పంపిస్తాం కదా.”

“వాడికి తేడా తెలీదు.”

“రేపు వెళ్ళొచ్చు కదా.”

ఎమిల్ అప్పటికే కోటు తొడుక్కుంటున్నాడు. డ్వేన్ ఈ గదిలోనే తప్పటడుగులు వేసి పెరిగినవాడు. ఎమిల్ పనిరోజున గుమ్మం దాటడం వాడెప్పుడూ చూడలేదు. డ్వేన్ బల్ల వెనక్కి వచ్చి నిలబడ్డాడు, దాని వెనక ఎలా నిలబడాలో తెలియనట్టు.

“నీకు శనివారానికి చెబుతాను,” అన్నాడు ఎమిల్ ఆర్డిస్‌తో.

“తొందరేం లేదు. జాగ్రత్తగా వెళ్ళు,” అంది ఆమె. బయటిదాకా వచ్చి, తన ట్రక్కులోంచి ఫ్లాస్కు తెచ్చి అతని సీటు మీద పెట్టింది. “కాఫీ. కార్ల్ ఫ్లాస్కు. తర్వాతెప్పుడైనా ఇద్దువుగానిలే.”

ఎమిల్‌ది అరవై ఎనిమిది ఫోర్డు ట్రక్కు, అర టన్నుది. రెండొందల నలభై, ఆరు సిలిండర్లు. పెట్రోలు ముల్లు పనిచెయ్యడం మానేసి తొమ్మిదేళ్ళయింది. దాన్ని బాగుచెయ్యలేదు. గ్యాలనుకు పదిహేడని తనకు బాగా తెలుసు కనక, మైళ్ళు చూసుకుని నింపుకుంటాడు. గంటకు యాభై దాటించడు. దాటిస్తే వెళ్తుంది, దానికి ఇష్టం ఉండదు. దక్షిణంగా ఎనభై ఒకటో నంబరు రోడ్డు ఎక్కి, హీబ్రన్ దాటి, కాన్సస్‌లో పడ్డాడు. కోసేసిన జొన్నచేలు, ధాన్యం గాదెలు, గాలి. పక్కనుంచి కొత్త కార్లు దూసుకుపోతున్నాయి. ప్రతిదాన్నీ వెనకనుంచి చూడగానే దాని ఇంజను మనసులో పలికింది. చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

కంకార్డియా దగ్గర ఆగి రై రొట్టె తిన్నాడు, ఆర్డిస్ కాఫీ తాగాడు. ముప్పై నాలుగేళ్ళలో ఈ రోడ్డు మీద గొంతులు ఎన్నిసార్లు వెళ్ళాయో, తను ఇదే మొదటిసారి. మూడు గంటలు. అంతే దూరం. అంతకన్నా ఏమీ లేదు.

నేడీన్ ముప్పై అయిదేళ్ళ మనిషి. తండ్రి కోటు తొడుక్కుని చేతులు పైకి మడుచుకుంది. పెద్దగా మడవనక్కరలేకపోయింది. అది చిన్న కోటు. ఇద్దరూ వరసల మధ్య నడిచారు. గడ్డి మోకాళ్ళదాకా ఉంది. మూడు ఇంజన్లూ ఒక రేకు కింద పక్కపక్కన ఉన్నాయి. ఎమిల్ మోకాళ్ళమీద కూర్చుని, గుడ్డతో నూనెమట్టి తుడిచి, పోతపోసిన అంకెలను వేలితో తడుముతూ చదివాడు. మొదటిది కాదు. రెండోదీ కాదు.

“ఇది,” అన్నాడు మూడోదాని దగ్గర. “మంచిది. మీ నాన్న దీన్ని తడవకుండా చూసుకున్నాడు.”

“మీ గురించి రోజూ చెప్పేవారు,” అంది నేడీన్. “భోజనాల దగ్గర. ఎమిల్ ఇవాళ ఇలా అన్నాడు, నేనలా అన్నాను అని. మేము మీరు చిన్నప్పటి స్నేహితులనుకునేవాళ్ళం.”

ఎమిల్ గుడ్డ మడతపెడుతున్నాడు. “ఆ స్కౌటు ఏదమ్మా? ఒకసారి చూస్తాను.”

“స్కౌటా? అది నేను హైస్కూల్లో ఉండగానే అమ్మేశారు. పదిహేనేళ్ళు దాటింది.”

“పదిహేనేళ్ళు,” అన్నాడు ఎమిల్. పోయిన అక్టోబరులో కూడా హెర్షెల్ ట్యాంకు నింపి ఉంచుతానన్నాడు. “గ్యాలనుకు ఎంతిచ్చేది?”

“పద్నాలుగు. ఆ పెట్రోలు ఖర్చుకు అమ్మ రోజూ తిట్టేది.”

ఎమిల్ నవ్వాడు. నవ్వు మొదలైంది గాని ఎక్కడ ఆపాలో తెలీలేదు. గుడ్డతో ముఖం తుడుచుకుంటే బుగ్గ మీద నూనె అంటింది. నేడీన్ తన రుమాలు ఇచ్చింది.

ఇంజనును గొలుసుతో ఎత్తి ట్రక్కులో దింపారు, గిన్నే కాళ్ళూ పక్కన సర్దారు. తర్వాత ఆమె అతన్ని గదిలోకి పిలిచింది. విల్బర్ గదిలాంటిదే. అదే లావు పుస్తకం, అదే నూనె వాసన, అలాంటి పెట్టే. గోడ మీద హెర్షెల్ ఫోటో ఉంది, మనవరాలితో. ఎమిల్ చాలాసేపు చూశాడు. ఆ గొంతుకు తను ఇన్నేళ్ళూ ఆరడుగుల మనిషిని, ఎర్ర మెడను, పెద్ద పొట్టను ఊహించుకున్నాడు. ఫోటోలో ఉన్నది పిచ్చుకలాంటి మనిషి. పన్నెండేళ్ళ పిల్ల పక్కన నిలబడితే ఇద్దరి తలలూ సమానంగా ఉన్నాయి.

“డెబ్బై తొమ్మిది చలికాలంలో మీకేమైంది?” అంది నేడీన్. “రెండు వారాలు లైనులో మీరు వినపడలేదు. నాన్నకు అన్నం సయించలేదు. చివరికి మీ యార్డుకు ఫోను చేశారు.”

“న్యుమోనియా,” అన్నాడు ఎమిల్. కాన్సస్ నుంచి ఎవరో అడిగారని, పేరు చెప్పలేదని అప్పట్లో పెద్ద పెట్‌స్కా అన్నాడు. ఎవరో బేరగాడై ఉంటాడనుకున్నాడు ఎమిల్.

పెట్టె పలికింది. టోపీకా. “అరవై ఆరు షెవీ ట్రక్కు, ఆరు సిలిండర్లలో పెద్దది. దాని నీళ్ళపంపు చిన్నదానికి సరిపోతుందా? ఎవరికైనా తెలుసా?”

ఎవరూ పలకలేదు. ఇలాంటివాటికి ఎప్పుడూ పలికేది ఇద్దరే. నేడీన్ ఎమిల్ వైపు చూసింది. ఎమిల్ బల్ల వెనక్కి వెళ్ళి, నిలబడే రిసీవరు అందుకున్నాడు. మీట మీద బొటనవేలు ఆనేచోట ఇత్తడి అరిగి నున్నగా ఉంది.

“సలైనా,” అన్నాడు. ఆ మాట నోట్లో కొత్తగా తగిలింది. “ఉన్న పంపు ఊడదీసి రెండూ పక్కపక్కన పెట్టి చూడు. బోల్టు రంధ్రాలూ, ముందున్న ఇరుసు పొడుగూ కలిస్తేనే బిగించు. ఊరికే నమ్మి బిగించొద్దు.”

“హెర్షెలా?” అన్నాడెవడో అయోవా వాడు.

“కాదు. ఎమిల్.”

“నువ్వు విల్బర్‌వి కదా?”

“ఇవాళ ఇక్కడున్నాను.”

లైను కాసేపు గుయ్యిమని, ఎడమ తలుపులూ కుడి దీపాలూ మళ్ళీ మొదలయ్యాయి. నెలాఖరుకు ఈ తీగ తీయించేస్తానంది నేడీన్. బండ్లన్నిటినీ నలగ్గొట్టి ఇనుముకింద కొనేవాళ్ళు వస్తున్నారు. తనకు బడిలో వంటపని ఉంది, ఇదంతా తన వల్ల కాదు. మీకేమైనా కావాలంటే తీసుకెళ్ళండి అంది. ఎమిల్ తల అడ్డంగా ఊపాడు. పొద్దు వాలకముందే బయల్దేరాలన్నాడు. బరువుంది, పదిహేడు ఇవ్వదు, కంకార్డియాలో నింపుకోవాలి.

ఆమె గేటు తీయడానికి ముందు నడిచింది. ఎమిల్ టోపీ కోసం వంగాడు, ఎప్పుడో జారి బల్ల కింద పడింది. అక్కడ, కుర్చీ ముందు, ఒక ఆపిల్ పళ్ళ చెక్కపెట్టె బోర్లించి ఉంది, నేలకు కాళ్ళందని మనిషి ముప్పై ఏళ్ళు కాళ్ళు ఆనించుకున్న చోట రెండు మడమలంత లోతుగా అరిగి.